సముద్రస్నానానికి ముందు నీటి పరీక్షల అంకెలను ఎలా చదవాలి?

తీరవాసి (విశాఖపట్నం) అడిగిన ప్రశ్న

ప్రతి వేసవిలోనూ హైదరాబాద్ నుంచి మా అన్నయ్యగారి పిల్లలు వస్తారు. రైలు దిగినది మొదలు వారు అడిగేది సముద్రం గురించే. ఈసారి వారిని నీటిలోకి దింపే ముందు నాణ్యత గురించి కొంత చదువుదామని కూర్చున్నాను. చదివిన కొద్దీ అయోమయం పెరిగింది. అందుకే తెలిసినవారిని అడుగుతున్నాను.

మన దేశంలో తీరజలాలను అయిదు తరగతులుగా విభజించారు. వాటిలో స్నానానికీ, ఒంటికి నీరు తగిలే క్రీడలకూ ఉద్దేశించిన ఎస్‌డబ్ల్యూ-2 తరగతిలో 100 మిల్లీలీటర్ల నీటికి ఫీకల్ కోలిఫాం (మలం కలిసిందని సూచించే బ్యాక్టీరియా) 100 ఎంపీఎన్ మించరాదని ఉంది. 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ బీచ్ గుర్తింపు పొందిన ఎనిమిది భారతీయ బీచ్‌లలో మన రుషికొండ ఒకటి. ఆ గుర్తింపు ప్రమాణాలలో ఫీకల్ కోలిఫాం మాటే లేదు. ఇ.కోలి, ఎంటరోకాకై అనే బ్యాక్టీరియాలు 100 మిల్లీలీటర్లకు వరుసగా 250, 100 మించరాదని ఉంది. అమెరికా పత్రాలలో చూస్తే సముద్రజలానికి ఎంటరోకాకై 35 అని కనిపించింది. ఇక మన నదులలో స్నానానికి ఫీకల్ కోలిఫాం 500 వరకు కోరదగినదనీ, 2500 వరకు అనుమతించవచ్చనీ రాశారు. నదిలో మునిగినా సముద్రంలో మునిగినా మింగే కడుపు ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు?

నా సందేహాలు ఇవి. ఈ అంకెలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చా? బోర్డు మీదో, కాలుష్య నియంత్రణ మండలి నివేదికలోనో కనిపించే అంకె చూసి ఈ రోజు నీటిలోకి దిగవచ్చో లేదో నిర్ణయించుకోవచ్చా? బ్లూ ఫ్లాగ్ ఉన్న చోట ఇక ఆలోచించనక్కర లేదా? ఆర్.కె. బీచ్‌లో ఈత ప్రమాదకరమనీ, లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీశాయనీ నాకు తెలుసు. మేము మోకాలి లోతు దాటము. నేను అడుగుతున్నది నీటిలోని సూక్ష్మజీవుల సంగతి మాత్రమే.

ప్రయోగశాల (కాకినాడ) సమాధానం

తీరవాసి గారూ, నేను చాలాకాలం నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి విరమించాను. మీ మొదటి సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవి దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

ఈ పరీక్షలలో వెదికేది రోగాన్ని కలిగించే జీవిని కాదు. మురుగునీటిలో నోరోవైరస్ ఉండవచ్చు, సాల్మొనెల్లా ఉండవచ్చు, జియార్డియా ఉండవచ్చు. ఒక్కొక్కదానినీ ప్రతి వారం ప్రతి తీరంలోనూ వెదకడం ఖర్చుకూ కాలానికీ అందని పని. కాబట్టి మనుషుల, జంతువుల పేగులలో ఎప్పుడూ పెద్ద సంఖ్యలో ఉండే కొన్ని బ్యాక్టీరియాలను లెక్కించి, అవి ఉన్నచోట మలం కలిసిందని, మలం కలిసినచోట రోగకారకాలు ఉండే అవకాశం ఉందని ఊహిస్తాము. ఫీకల్ కోలిఫాం, ఇ.కోలి, ఎంటరోకాకై మూడూ ఇటువంటి సూచికలే. ఫీకల్ కోలిఫాం అనేది 44.5 డిగ్రీల వేడిలో పెరిగే ఒక గుంపు, ఇ.కోలి ఆ గుంపులో ఒక సభ్యురాలు. ఎంటరోకాకై పూర్తిగా వేరే జాతి. అందువలన వీటి అంకెలను పక్కపక్కన పెట్టి ఒకటి కఠినమనీ మరొకటి సడలింపు అనీ చెప్పడం కుదరదు. ఎంపీఎన్, సీఎఫ్‌యూ అనే తేడా కూడా ఉంది. మొదటిది వరుస పరీక్షనాళికలలో ఎన్నింటిలో పెరుగుదల కనిపించిందో చూసి గణించిన సంభావ్య సంఖ్య; రెండవది పొర మీద మొలిచిన కాలనీలను కంటితో లెక్కపెట్టిన సంఖ్య. అయినా సూచిక మారడం వల్ల వచ్చే తేడా ముందు ఈ తేడా చిన్నది.

సముద్రానికి ఎంటరోకాకైని ఎంచుకోవడానికి కారణం ఉప్పు. ఉప్పునీటిలో, ఎండలో ఇ.కోలి త్వరగా చనిపోతుంది. ఎంటరోకాకై మరికొంత కాలం నిలుస్తాయి. అనేక వైరస్‌లు వాటికన్నా మొండివి. అమెరికాలో విక్టర్ కాబెల్లి బృందం 1970లలో తీరాలలో ఈతకు దిగినవారి ఆరోగ్యాన్ని నీటి పరీక్షలతో సరిచూసినప్పుడు, కడుపు సంబంధమైన జబ్బులతో ఎంటరోకాకై సంఖ్యకు ఉన్నంత సంబంధం ఫీకల్ కోలిఫాం సంఖ్యకు కనిపించలేదు. దాని ఆధారంగానే 1986లో అక్కడి పర్యావరణ సంస్థ సముద్రజలానికి 35 అనే అంకెను సిఫారసు చేసింది. 2012లో ప్రమాణాలను సవరించినప్పుడు కూడా ఆ అంకె మిగిలింది. వెయ్యిమంది ఈతగాళ్లలో 36 మందికి జబ్బు చేసే స్థాయిని అంగీకరించి పెట్టిన అంకె అది. అంటే ప్రమాణానికి లోబడిన నీటిలోనూ జబ్బు పడే అవకాశం సున్నా కాదు. మన ఎస్‌డబ్ల్యూ-2 ఇంకా ఫీకల్ కోలిఫాం మీదే నిలిచి ఉంది. ఆ సూచికను మార్చవలసిన కాలం ఎప్పుడో దాటిందని నా అభిప్రాయం.

ఇంకొక చిక్కు లెక్క కట్టే పద్ధతిలో ఉంది. అమెరికా 35 అనేది గుణమధ్యమం, అంటే అంకెలను కూడడానికి బదులు గుణించి మూలం తీసే సగటు. బ్లూ ఫ్లాగ్ 100 అనేది 95వ శతాంశం, అంటే ఆ సీజన్‌లోని నమూనాలను బట్టి గణించినప్పుడు నూటికి 95 వంతులు ఆ గీత లోపల ఉండాలి. ఊహకు ఒక ఉదాహరణ ఇస్తాను. ఒక తీరంలో అయిదు నమూనాలు 10, 15, 20, 30, 2000 వచ్చాయనుకోండి. మామూలు సగటు 415. గుణమధ్యమం సుమారు 45. మొదటి అంకె చూస్తే భయం, రెండవది చూస్తే దాదాపు నిశ్చింత. నిజానికి మీకు కావలసిన సంగతి ఈ రెండింటిలోనూ లేదు: 2000 వచ్చిన రోజున ఏమి జరిగింది? ముందురోజు వాన పడిందా, పంపు ఆగిందా, నమూనా తీసిన చోటికి దగ్గరలో ఏదైనా కలిసిందా? సగటులు తీరాల మంచిచెడ్డలను ఏడాదికోసారి బేరీజు వేయడానికి పనికివస్తాయి. పిల్లవాడిని ఈ సాయంత్రం దింపాలా అన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పవు.

మీ రెండవ సందేహానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. ఎంటరోకాకై పరీక్షకు దాదాపు 24 గంటలు పడుతుంది. ఫీకల్ కోలిఫాం నాళికల పద్ధతిలో రెండు, మూడు రోజులు పట్టవచ్చు. ఫలితం బోర్డు మీదికి ఎక్కేసరికి ఆ నీరు ఎక్కడికో పోయింది. డీఎన్ఏ ఆధారిత పరీక్షలు కొన్ని గంటలలోనే ఫలితం ఇస్తాయి, అయితే వాటికి కావలసిన పరికరాలూ శిక్షణా అన్నిచోట్లా లేవు. కాబట్టి బోర్డు మీది అంకెను ఆ తీరం స్వభావం గురించిన సమాచారంగా మాత్రమే తీసుకోండి.

బ్లూ ఫ్లాగ్ గురించి ఒక మాట. అందులో 33 అంశాలు ఉంటాయి. నీటి నాణ్యత వాటిలో ఒక భాగం మాత్రమే. మిగిలినవి పర్యావరణ విద్య, తీర నిర్వహణ, భద్రత, సదుపాయాలకు చెందినవి. 2025 తొలినాళ్లలో రుషికొండకు ఆ గుర్తింపు కొద్దికాలం పోయి మళ్లీ వచ్చినప్పుడు పత్రికలలో వినిపించిన ఫిర్యాదులు పారిశుధ్యం, నిఘా కెమెరాలు, వీధికుక్కలకు సంబంధించినవి. జెండా దిగినంత మాత్రాన నీరు చెడిందనీ, ఎగిరినంత మాత్రాన ఆ ఉదయపు నీరు శుభ్రంగా ఉందనీ అనుకోరాదు. అయితే జెండా ఉన్న తీరంలో సీజన్ అంతా క్రమబద్ధంగా, నెలకు ఒకసారికి తగ్గకుండా నమూనాలు తీయవలసి ఉంటుంది. అంత క్రమం తప్పని పరీక్ష జరగడమే పెద్ద మేలు.

నదికీ సముద్రానికీ తేడా ఎందుకన్నారు. ఆ రెండు ప్రమాణాలూ వేర్వేరు పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన నదుల వాస్తవ స్థితికి సర్దుకుని రాసిన అంకె 2500 అని నేను అనుకుంటాను. ఆరోగ్యం దృష్ట్యా దానిని ఆదర్శంగా తీసుకోవద్దు.

పసిఫిక్ ఒడ్డు (శాన్ డియేగో) సమాధానం

నేను దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగువాడిని. పైన చెప్పినదానికి ఇక్కడి అనుభవం కొంత జోడించవచ్చుననుకుంటున్నాను.

1995 వేసవిలో శాంటా మోనికా బే తీరంలో పది వేల మందికి పైగా ఈతగాళ్లను పలకరించి, తరువాత వారి ఆరోగ్యాన్ని ఫోను ద్వారా విచారించిన అధ్యయనం ఒకటి జరిగింది. వాననీటి కాలువలు సముద్రంలో కలిసేచోట, సరిగ్గా ఆ కాలువ ముఖద్వారం ఎదుట ఈదినవారికీ, అక్కడికి 400 గజాలకు పైగా దూరంలో ఈదినవారికీ మధ్య తేడా స్పష్టంగా కనిపించింది. జ్వరం, వణుకు, చెవి కారడం, శ్వాసకోశ సమస్యలు మొదటి గుంపులో ఎక్కువ. గమనించవలసిన విషయం ఏమిటంటే అది వేసవి. కాలిఫోర్నియాలో వేసవిలో వాన పడదు. వాననీటి కాలువలలో పారినది ఇళ్ల నుంచీ వీధుల నుంచీ వచ్చిన నీరే. శుద్ధి కేంద్రంలోని నీరు కూడా కాదు, ఎందుకంటే ఇక్కడ మురుగు గొట్టాలు వేరు, వాననీటి కాలువలు వేరు, వాననీటి కాలువలకు శుద్ధి అనేదే లేదు.

దాని తరువాత 1997లో రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. ఏడాదికి 50,000 మందికి పైగా వచ్చే, పక్కనే వాననీటి కాలువ ఉన్న బీచ్‌లను ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు వారానికి ఒకసారి పరీక్షించి తీరాలి. ఒక్క నమూనాలో ఎంటరోకాకై 104 దాటితే హెచ్చరిక బోర్డు నిలబెట్టాలి. ఆ చట్టం అమలులోకి వచ్చిన 1999 వేసవిలోనే హంటింగ్టన్ బీచ్ తీరంలో పెద్ద భాగాన్ని చాలా వారాలు మూసివేయవలసి వచ్చింది. కారణం వెదకడానికి ఎందరో శాస్త్రవేత్తలు దిగారు. అక్కడ గంటగంటకూ నమూనాలు తీసినవారికి ఒక వింత కనిపించింది: రాత్రి ఎక్కువగా ఉన్న బ్యాక్టీరియా మధ్యాహ్నానికి బాగా తగ్గిపోతుంది, మళ్లీ చీకటి పడ్డాక పెరుగుతుంది. ఎండ వాటిని చంపుతున్నది. అంటే ఉదయం ఏడు గంటలకు తీసిన నమూనా, మధ్యాహ్నం రెండు గంటలకు తీసిన నమూనా ఒకే బీచ్‌కు రెండు వేర్వేరు గ్రేడులు తెచ్చిపెట్టగలవు.

వాన విషయంలో ఇక్కడి ఆరోగ్యశాఖలు ఒకే మాట చెబుతాయి: వాన ఆగిన తరువాత 72 గంటల వరకు సముద్రంలోకి దిగవద్దు. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండానే ఆ సలహా ఇస్తారు. నేను ఉన్న ఊరికి దక్షిణాన ఇంపీరియల్ బీచ్‌లో పరిస్థితి ఇంకా విషమం. మెక్సికో వైపు నుంచి టిహువానా నది మోసుకొచ్చే మురుగునీటి వల్ల అక్కడి తీరాన్ని నెలల తరబడి మూసి ఉంచిన సందర్భాలు ఉన్నాయి. ధనిక దేశంలో అంతా సవ్యంగా ఉంటుందనుకునేవారు ఒకసారి అక్కడికి వెళ్లి ఆ బోర్డులు చూడాలి.

పరిష్కారంగా ఇక్కడ చేసినవాటిలో ఫలించినది ఒకటి ఉంది. ఎండాకాలంలో వాననీటి కాలువలో పారే కొద్దిపాటి నీటిని సముద్రంలోకి పోనివ్వకుండా మళ్లించి, మురుగు గొట్టంలోకి ఎక్కించి శుద్ధి కేంద్రానికి పంపుతారు. వానకాలంలో ప్రవాహం పెరిగితే ఆ మళ్లింపు పనిచేయదు, కనుక వానల తరువాతి సమస్య అలాగే ఉంది. కానీ ఎక్కువమంది నీటిలో దిగేది వేసవిలో కాబట్టి లాభం పెద్దదే. విశాఖలో ఇటువంటిది ఎంతవరకు సాధ్యమో స్థానికులు చెప్పాలి.

గెడ్డగట్టు (విశాఖపట్నం) సమాధానం

పసిఫిక్ ఒడ్డు గారు అడిగారు కనుక రాస్తున్నాను. డ్రైనేజీ పనులలో ఇంజినీరుగా నా ఉద్యోగం గడిచింది.

విశాఖకు కొండల నుంచి దిగే గెడ్డలు సహజమైన వాననీటి దారులు. కొన్ని తూర్పు వైపున సముద్రంలో కలుస్తాయి. మేఘాద్రి గెడ్డ, నరవ గెడ్డ వంటివి పడమటి పల్లం గుండా హార్బర్ వైపు వెళతాయి. గెడ్డలో వాన లేని రోజున కూడా నల్లటి నీరు పారుతున్నదంటే అది వాననీరు కాదని ఎవరికైనా తెలుస్తుంది. భూగర్భ డ్రైనేజీ అందని కాలనీలు, అందినా కనెక్షన్ తీసుకోని ఇళ్లు, సెప్టిక్ ట్యాంకు పొంగును నేరుగా కాలువలోకి వదిలే అపార్ట్‌మెంట్లు అన్నీ అందులో ఉన్నాయి. ఇది మన ఊరికే పరిమితం కాదు, మన తీరనగరాలన్నింటిలోనూ కనిపించేదే. గెడ్డ ముఖం దగ్గర మళ్లింపు గోడ కట్టి, నీటిని పంపు ద్వారా శుద్ధి కేంద్రానికి ఎత్తిపోయడం ఇక్కడ కూడా సాధ్యమే, ఆ పద్ధతి మన ఇంజినీర్లకు కొత్త కాదు. పంపులకు నిరంతరాయంగా కరెంటు ఉండాలి, జాలీకి అడ్డుపడే ప్లాస్టిక్‌ను రోజూ తీయాలి. ఆ రెండూ తప్పినరోజు నీరు గోడ మీదుగా పొర్లి పాత దారినే పోతుంది.

ఒక లెక్క చెబుతాను. దీనిని అర్థం చేసుకుంటే నీరు చూడటానికి బాగుంది కదా అనే వాదన ఎంత బలహీనమో తెలుస్తుంది. శుద్ధి చేయని మురుగునీటిలో 100 మిల్లీలీటర్లకు ఫీకల్ కోలిఫాం ఒక కోటి వరకు ఉండటం మామూలే. దానిని 100కు తేవాలంటే లక్ష రెట్లు పలుచన కావాలి, అంటే ఒక లీటరు మురుగుకు లక్ష లీటర్ల శుభ్రమైన సముద్రపు నీరు కలవాలి. అదే మురుగునీటి బీఓడీ (సేంద్రియ మాలిన్యం కుళ్లడానికి కావలసిన ఆక్సిజన్) లీటరుకు 250 మిల్లీగ్రాములు అనుకుంటే, ఎస్‌డబ్ల్యూ-2లో చెప్పిన 3 మిల్లీగ్రాములకు దిగడానికి వంద రెట్లు కూడా అక్కర లేదు. రంగు, వాసన అంతకన్నా ముందే పోతాయి. కాబట్టి కంటికి తేటగా, ముక్కుకు వాసన లేకుండా, బీఓడీ పరీక్షలో నెగ్గిన నీటిలో కూడా బ్యాక్టీరియా పరిమితికి కొన్ని వందల రెట్లు ఉండవచ్చు. శుద్ధి కేంద్రాల విషయంలోనూ ఇదే తిరకాసు. 2017 నాటి కేంద్ర నోటిఫికేషన్ శుద్ధి అయిన నీటిలో ఫీకల్ కోలిఫాం 1000 లోపు ఉండాలన్నది. కోటితో మొదలైతే 99 శాతం తొలగించినా లక్ష మిగులుతుంది. వెయ్యికి చేరాలంటే 99.99 శాతం తొలగించాలి. అందుకు క్లోరినో, అతినీలలోహిత కాంతో తప్పనిసరి. ఆ చివరి అంచె సరిగా నడవకపోతే మిగిలిన కేంద్రం ఎంత బాగా నడిచినా తీరానికి ఒరిగేది తక్కువ.

ఇక దూరం సంగతి. గెడ్డ నుంచి ఎంత దూరమన్నది ఎంత ముఖ్యమో, ఏ వైపున అన్నది కూడా అంత ముఖ్యం. అలలు విరిగే పట్టీలో పడిన గెడ్డనీరు వెంటనే లోతుకు పోదు. ఒడ్డు వెంబడే ప్రవాహంతో పాటు సాగుతుంది. మన తీరంలో నైరుతి కాలంలో ఆ ప్రవాహం ఎక్కువగా ఉత్తరం వైపు, అంటే ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి దిక్కుగా ఉంటుంది. ఈశాన్య కాలంలో తిరగబడి దక్షిణానికి సాగుతుంది. కనుక వేసవి చివర నుంచి సెప్టెంబరు వరకు గెడ్డకు దక్షిణం వైపున ఉండటం మేలు, నవంబరు, డిసెంబరులలో ఉత్తరం వైపున ఉండటం మేలు. ఏ రోజుకు ఆ రోజు అలల వాలును బట్టి ఇది మారుతుంది. ఒడ్డున నిలబడి నీటిలో తేలే కొబ్బరి పీచో, ఆకో ఎటు కొట్టుకుపోతున్నదో అయిదు నిమిషాలు చూస్తే సరిపోతుంది.

మరొక ప్రమాదం చాలామందికి తెలియదు. వాన లేని నెలలలో అలలు ఇసుకను నెట్టి గెడ్డ నోరు మూసేస్తాయి. దాని వెనుక మడుగు కడుతుంది. ఆ మడుగులో మురుగు రోజుల తరబడి నిలుస్తుంది. తరువాత ఒక పెద్ద పోటు వచ్చినప్పుడో, వేసవిలో అకాలవాన పడినప్పుడో, మునిసిపల్ సిబ్బంది యంత్రంతో నోరు తెరిచినప్పుడో అంతా ఒక్కసారిగా సముద్రంలోకి దూకుతుంది. ఇసుకలో కొత్తగా తెగిన గండి కనిపిస్తే ఆ రోజూ, మర్నాడూ ఆ దరిదాపులకు పిల్లలను తీసుకువెళ్లకండి.

పోటుపాటు (బాపట్ల) సమాధానం

గెడ్డగట్టు గారు పోటు మాట ఎత్తారు కనుక ఒక విషయం. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎత్తుగా వస్తుంది, పాటు లోతుగా తీస్తుంది. దక్షిణ కాలిఫోర్నియా తీరాలలో ఆ రోజులలోనే ఎంటరోకాకై ఎక్కువగా నమోదవుతాయని అక్కడివారు రాసినది చదివాను. మామూలు రోజులలో తడవని ఇసుకను ఆ పోటు కడిగి తెస్తుంది. మన సముద్రస్నానాలు ఎక్కువగా పౌర్ణమికే కదా. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలోనూ మంగినపూడిలోనూ నీటిలో దిగే జనాన్ని చూసినవారికి దీని అర్థం తెలుస్తుంది. పైగా ఆ నెల మన తీరానికి తుపానుల కాలం.

అయితే ప్రయోగశాల గారితో ఒక చోట నాకు భేదాభిప్రాయం ఉంది. ఎంటరోకాకై ఉన్నంత మాత్రాన మలం కలిసిందని అనగలమా? హవాయి దీవులలో మట్టిలోనే అవి సహజంగా పెరుగుతాయనీ, వాన పడితే మనుషుల మురుగు లేని వాగులలో కూడా అంకె పరిమితి దాటుతుందనీ అక్కడి పరిశోధకులు ఏనాడో తేల్చారు. మనదీ వెచ్చని నేలే. అమెరికా అంకెను ఇక్కడికి తెచ్చి పెట్టుకుంటే శుభ్రమైన తీరాలకు కూడా అనవసరంగా చెడ్డపేరు రాదా?

తీరవాసి (విశాఖపట్నం)

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. ఇంకొక రెండు అడుగుతాను. మా పిల్లలు నీటిలో కన్నా తడి ఇసుకలోనే ఎక్కువసేపు ఆడతారు, అది సురక్షితమేనా? అలాగే మా అపార్ట్‌మెంట్‌లో కొందరం కలిసి మేము వెళ్లే చోట నీటిని సొంత ఖర్చుతో ఒక ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవాలంటే ఏమి అడగాలి?

ప్రయోగశాల (కాకినాడ) సమాధానం

ముందు పోటుపాటు గారికి. మీరు చెప్పిన హవాయి సంగతి నిజమే, అందుకే అక్కడ క్లోస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ అనే మరో బ్యాక్టీరియాను తోడు సూచికగా వాడారు. మనుషుల పేగులలోని బ్యాక్టీరాయిడ్స్‌ను గుర్తించే డీఎన్ఏ పరీక్షతో మూలం మనిషా, పశువా, మట్టా అని కూడా విడదీయవచ్చు. జనావాసాలు లేని తీరంలో వాన తరువాత అంకె పెరిగితే మీ వాదనను నేను ఒప్పుకుంటాను. నల్లటి నీరు పారే కాలువ పక్కన పెరిగితే మాత్రం మట్టి మీద నెపం వేయడం నాకు సమ్మతం కాదు. ఆ సందేహపు లాభం నీటికి కాక, నీటిలో దిగే పిల్లలకు దక్కాలి.

ఇసుక విషయంలో తీరవాసి గారి అనుమానం సరైనదే. తడి ఇసుకలో ఎండ లోపలికి దిగదు, తేమ ఆరదు, అందువలన సూచిక బ్యాక్టీరియా నీటిలో కన్నా ఎక్కువకాలం బతుకుతాయి. అలాగని ఇసుకలో ఆడనివ్వకుండా ఉండనక్కర లేదు. గెడ్డ దారికి, కుక్కలు, పశువులు తిరిగే చోటికి దూరంగా కూర్చోబెట్టండి. బఠాణీలు, మొక్కజొన్న పొత్తు చేతికిచ్చే ముందు మంచినీటితో, సబ్బుతో చేతులు కడిగించండి. నీటిలో పిల్లల గురించి ఎక్కువ జాగ్రత్త అవసరం. ఈతకొలనులో 45 నిమిషాలలో పెద్దలు సగటున 16 మిల్లీలీటర్లు, పిల్లలు 37 మిల్లీలీటర్లు మింగారని ఒక అమెరికా అధ్యయనంలో తేలింది. అలలు ముఖాన కొట్టే చోట అంతకన్నా తక్కువ మింగుతారని అనుకోవడానికి ఆధారం లేదు.

ఈ చర్చలో ఇంకా రాని విషయం ఒకటి ఉంది. విబ్రియో వల్నిఫికస్ వంటి కొన్ని బ్యాక్టీరియాలు వెచ్చని ఉప్పునీటిలో, ముఖ్యంగా నది కలిసే చోటి ఉప్పుకయ్యలలో సహజంగానే ఉంటాయి. వాటికి మురుగుతో పనిలేదు, కనుక ఎంటరోకాకై పరీక్షలో నెగ్గిన నీటిలోనూ ఉండవచ్చు. ఆరోగ్యవంతులకు వాటి వల్ల హాని అరుదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, మధుమేహం అదుపులో లేనివారు, ఒంటిమీద మానని పుండు ఉన్నవారు మాత్రం సముద్రంలో దిగకపోవడం మంచిది. గాయం సముద్రపు నీటిలో తడిసిన తరువాత త్వరత్వరగా వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే ఆ రోజే వైద్యుడికి చూపించి, సముద్రంలో దిగిన సంగతి తప్పక చెప్పాలి.

పరీక్ష చేయించదలిస్తే ఎంటరోకాకైని పొర వడపోత పద్ధతిలో చేస్తారా అని ముందుగా కనుక్కోండి. చాలా చోట్ల తాగునీటికి చేసే మొత్తం కోలిఫాం పరీక్షను చేసి ఇస్తారు. తీరజలానికి దాని వల్ల ఉపయోగం తక్కువ, ఎందుకంటే ఆ గుంపులో మట్టిలోవీ ఆకులమీదివీ కూడా చేరతాయి. సీసాను ప్రయోగశాల వారి నుంచే తీసుకోండి. ఇంట్లో కడిగిన సీసా శుద్ధమైనది కాదు. మోకాలికీ నడుముకీ మధ్య లోతులో నిలబడి, మీరు కదిపిన ఇసుక తేరుకున్నాక, మూతి కిందకి ఉంచి సీసాను ముంచి, ఉపరితలానికి 30 సెంటీమీటర్ల కింద అల వచ్చే దిశకు తిప్పి నింపండి. మెడ దగ్గర కొంచెం ఖాళీ వదలండి. మంచు పెట్టెలో, ఎండ తగలకుండా, ఆరు గంటల లోపల ప్రయోగశాలలో పరీక్ష మొదలయ్యేటట్లు చేర్చాలి.

ఒక్క నమూనాతో ఆపవద్దు. సెలవులు మొదలయ్యే ముందు నెలలో కనీసం అయిదు, అన్నీ ఒకే చోట, ఒకే వేళకు తీయండి. మధ్యాహ్నపు ఎండ తరువాత తీసిన నీరు మంచి మార్కులు తెచ్చుకుంటుందని పసిఫిక్ ఒడ్డు గారి మాటల వల్ల మీకు ఇప్పటికే తెలిసింది, కనుక తెల్లవారిన వెంటనే తీయడం మేలు. ఒక్కటైనా వాన పడిన మర్నాటిది కావాలి. ప్రతి సీసాతో పాటు ఒక కాగితం మీద వేళ, పోటా పాటా, గత మూడు రోజులలో వాన ఉన్నదా లేదా, గెడ్డ నోరు తెరిచి ఉన్నదా మూసి ఉన్నదా, ప్రవాహం ఎటు సాగుతున్నదో రాసి పెట్టుకోండి. ఫలితాలు వచ్చాక వాటిని ఈ వివరాలతో కలిపి ఇక్కడ పెడితే, మీరు వెళ్లే చోటు ఏ పరిస్థితులలో చెడుతున్నదో అందరం కలిసి చూడవచ్చు.